రావద్దని చెప్పడం రానివాళ్ళం

నా గొంతు సంగతి ముందే చెప్పుకోవాలి. మూడు దశాబ్దాల పైన బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేశాను. నేను ‘సావధాన్’ అని అరిస్తే గ్రౌండులో పిల్లలతో పాటు గోడవతల మేసే గేదెలు కూడా నిలబడిపోయేవని మా తెలుగు పంతులుగారు అనేవారు. ఆయన వెటకారానికి అన్నా నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను. నిక్కచ్చి మనిషినని, ఉన్నమాట మొహం మీదే అనేస్తానని నాకు పేరు. ఆ పేరు ఎంత ఉత్తదో ఒక వేసవిలో తేలిపోయింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న కుర్ర మాస్టర్లూ, టీచరమ్మలూ, నా సర్వీసులో మీకు పనికొచ్చే ముక్క అదొక్కటే అనుకుంటాను. నిజానికి అది సర్వీసులో జరిగింది కూడా కాదు, రిటైరయ్యాక జరిగింది.

పాలకొల్లుకి కాస్త ఎడంగా, కాలవ గట్టు పక్కన ఒక కుటుంబం పిల్లలకి వేసవి క్యాంపు నడిపేది. ఇంటిపెద్ద మిషన్ బళ్ళో హెడ్మాస్టరుగా చేసి దిగిపోయినాయన. ఆయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు, ఆయన భార్యని అమ్మగారనేవారు. వాళ్ళబ్బాయి, కోడలు కూడా ఆ ఇంట్లోనే ఉండి క్యాంపు పనులు చూసుకునేవారు. కొబ్బరితోటలో రెండు రేకుల షెడ్లు, ఒక చెరువు, ఒక వంటపాక, అంతే క్యాంపంటే. పొద్దున్న డ్రిల్లు, ఆ తర్వాత చెరువులో ఈత నా చేతి కింద జరిగేవి. మధ్యాహ్నం ఎండ వేళ చెట్ల కింద కథలు చెప్పడం మాస్టారి పని. సాయంత్రం కబడ్డీ. పిల్లలకి ఫోన్లు ఇచ్చేవాళ్ళం కాదు. మొదటి రెండ్రోజులూ ఫోను కోసం ఏడ్చిన పిల్లలే ఆఖర్రోజున ఇంటికి వెళ్ళం అని ఏడ్చేవారు. వాళ్ళది చర్చికెళ్ళే కుటుంబం కాబట్టి అన్నం ముందు ప్రార్థన ఉండేది. ఇష్టమున్న పిల్లలు కళ్ళు మూసుకునేవారు. మిగతావాళ్ళు పక్కవాడి విస్తట్లో అప్పడం పెద్దదేమోనని ఒక కన్నుతో చూసుకుంటూ కూర్చునేవారు.

ఈ క్యాంపుకి ఒక పద్ధతి ఉండేది. బోర్డులు కట్టడం, కరపత్రాలు పంచడం లాంటివి చేసేవాళ్ళు కాదు. ఈస్టరు పండగ వెళ్ళగానే కుటుంబం మొత్తం కారేసుకుని తణుకు, పెనుగొండ, పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ వెళ్ళి, పెళ్ళికి పిలిచినట్టు పిల్లల్ని పిలిచేవారు. అదీ పెద్దవాళ్ళని కాదు. మాస్టారు పిల్లవాడి ముందు కూర్చుని, ‘బాబూ, ఈ వేసవికి మా ఇంటికొస్తావా?’ అని అడిగేవారు. అలా పిలిపించుకున్న పిల్లలు ఏడాదంతా దాని గురించే చెప్పుకునేవారు. ఆ వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ టిఫినో, భోజనమో చెయ్యందే వదిలేవారు కాదు. ఆ పిలుపుల వారమంతా అబ్బాయిగారు అరుగుదల మాత్రలు జేబులో పెట్టుకు తిరిగేవారు.

కరోనా మొదటి ఏడాది ఎవరికీ ఎవరితోనూ పని పడలేదు. దేశమంతా తలుపులేసుకుంది, క్యాంపూ దానంతటదే ఆగిపోయింది. చిక్కంతా రెండో ఏడాది వచ్చింది. చలికాలంలో జబ్బు తగ్గినట్టే కనబడింది, బళ్ళు తెరిచారు, ‘ఈసారి క్యాంపు ఉంటుంది కదండీ’ అని దారిలో కనబడ్డ పిల్లలందరూ అడగడం మొదలెట్టారు. ఈస్టరు వెళ్ళగానే ఎప్పట్లాగే పిలుపులు కూడా అయిపోయాయి. ఇంతలో వేసవి ముదిరేసరికి జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. ఈసారి మనకి తెలిసినవాళ్ళ ఇళ్ళలోంచే కబుర్లు వచ్చాయి. రోజూ పొద్దున్నే ఫోను మోగితే తియ్యడానికి భయపడే రోజులవి.

మాస్టారికి ఊపిరితిత్తుల జబ్బు పాతది. నాలుగు మాటలు మాట్లాడితే ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకోవాలి. ‘ఈయనకి గనక సోకితే మా చేతుల్లో ఏమీ ఉండదమ్మా, మనుషుల్ని దగ్గరికి రానివ్వకండి’ అని డాక్టరుగారు కోడలిగారికి విడమరిచి చెప్పారు. ఆ మాట విన్నాక క్యాంపు ఉండకూడదని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, మాస్టారూ ఒప్పుకున్నారు. కాకపోతే ఒక మాట అన్నారు.

“క్యాంపు వద్దంటే వద్దు, సరే. కానీ పిల్లలు గేటు దాకా వచ్చారో, నేను వెనక్కి పంపలేను. నా సంగతి మీకు తెలుసు. రాకుండా చూసే పూచీ మీది.”

ఆయన సంగతి మాకు బాగా తెలుసు. ఒక ఏడాది షెడ్లు నిండిపోయాక ఒక పిల్లవాడు సంచీతో దిగితే, ఆ పిల్లవాడికి తన మంచం ఇచ్చేసి క్యాంపు ముగిసేదాకా వరండాలో చాప మీద పడుకున్న మనిషి. పిల్లలొచ్చి గేటు ముందు నిలబడితే ఆయన తలుపు తీస్తారు. తీస్తే ఆయన బతకరు. మా పనల్లా పిల్లల్ని ఆ గేటు దాకా రాకుండా ఆపడం.

అబ్బాయిగారు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టేద్దామన్నారు. అమ్మగారు ససేమిరా వీల్లేదన్నారు.

“ఇంటికెళ్ళి, వాళ్ళ చేతి కాఫీ తాగి పిలిచాం. వద్దని చెప్పాల్సి వచ్చేసరికి ఫోన్లో అక్షరాలు పడేస్తామా? నోటితో చెప్పండి, మర్యాదగా ఉంటుంది.”

బయట తిరిగే రోజులు కావు గనక ఫోన్లు చేద్దామనుకున్నాం. అబ్బాయిగారు కొన్ని ఇళ్ళు, కోడలుగారు కొన్ని ఇళ్ళు పంచుకున్నారు. మరీ కష్టమైన ఇళ్ళు, అంటే ఏళ్ళ తరబడి పిల్లల్ని పంపిస్తున్న ఇళ్ళు, నాకు అప్పగించారు. “మీ నోటంట అయితే లేదు అన్నమాట గట్టిగా వస్తుందండి” అన్నారు అబ్బాయిగారు. నేను మీసం దువ్వుకున్నాను.

వరండాలో ఎడంగా మూడు కుర్చీలేసుకుని ముగ్గురం ఫోన్లు మొదలెట్టాం. అబ్బాయిగారి పద్ధతి ఇలా సాగింది: “ఈ ఏడాది క్యాంపు పెట్టగలమో లేదో అనుకుంటున్నామండి. మీరేమంటారు?” అవతలివాళ్ళేమంటారు? “అయ్యో, మీరెలాగంటే అలాగేనండి” అంటారు. “అంతేనంటారా? సరేనండి, ఉంటానండి” అని పెట్టేసి, చెప్పేశానని మా వంక చూసి తలూపేవారు.

కోడలుగారు అవతలి ఇంట్లో ముసలివాళ్ళ ఆరోగ్యం దగ్గర్నుంచి పెరట్లో పనసచెట్టు దాకా అన్నీ అడిగి, ఆఖర్న గొంతు తగ్గించి, “ఏంటోనండి, పిల్లల్ని చూడాలని మాత్రం ప్రాణం కొట్టుకుపోతోందండి” అనేవారు. అసలు మాట ఆవిడ గొంతులోనే ఉండిపోయేది.

ఇక నేను. తణుకులో ఒకాయన ఉన్నాడు, వాళ్ళ పాప అప్పటికి మూడు వేసవులు వచ్చింది. ఆయనకి చేసి, ఉపోద్ఘాతం లేకుండా, “క్యాంపు లేదండి!” అన్నాను.

“అయ్యయ్యో, మాస్టారికి ఒంట్లో బాగోలేదాండీ?”

“అబ్బే, బానే ఉన్నారండి.”

“అమ్మయ్య! మా పాప మాస్టారు మాస్టారు అని ఒకటే కలవరింతండి. పెట్టె సర్దుకుని కూర్చుందండి.”

“సర్దుకుందాండీ?”

“వారం అయిందండి.”

పెట్టె సర్దుకుని వారం రోజులుగా కూర్చున్న పిల్లని తల్చుకునేసరికి నా నిక్కచ్చితనం కాస్తా నీరుగారిపోయింది. “చూద్దాం లెండి” అన్నాను. అని పెట్టేశాను. మిగతా ఇళ్ళకీ దాదాపు అదే వరస. మొహమాటానికి పోతే ఏదో అయిందని మనకో సామెతుంది. పిల్లలు కూడా చదువుతారేమోనని ఇక్కడ పూర్తిగా రాయడం లేదు.

మాస్టారు గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఇదంతా వింటున్నారు. ఒకసారి దగ్గారు, అంతే.

క్యాంపు మొదలవ్వాల్సిన రోజు రానే వచ్చింది. అప్పటికి మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ పెట్టేశారు. పన్నెండు దాటితే రోడ్డు మీద మనిషి కనబడకూడదు. ఎందుకైనా మంచిదని పొద్దున్నే సైకిలేసుకుని గేటు దగ్గరికెళ్ళి నిలబడ్డాను. వేసవికని కాలవకి నీళ్ళు కట్టేసిన రోజులు, గట్టు మీద గాలి కూడా లేదు. కాసేపటికి తణుకు వైపు నుంచి ఒక కారు వచ్చి ఆగింది. మాస్కు వేసుకుని ఆయన దిగాడు. వెనక తలుపు తీసుకుని పాప దిగింది. పదేళ్ళుంటాయేమో. పెట్టె తనే లాక్కుంటూ గేటు దగ్గరికొచ్చి, “గుడ్ మార్నింగ్ డ్రిల్లు మాస్టారూ!” అంది.

నేను గేటుకి అడ్డంగా జరిగాను.

“ఏంటండీ ఇలా వచ్చారు?” అన్నాను తణుకాయనతో.

“మరి మీరు చూద్దామన్నారు కదండీ. రాకపోతే ఏం బాగుంటుందండి” అన్నాడాయన.

ఆయన మాట పూర్తవకుండానే పెనుగొండ నుంచి ఒక షాపాయన తన కవల పిల్లలతో దిగాడు, చేతిలో ప్రసాదం పొట్లం కూడా ఉంది. పాలకొల్లు నుంచి ఒక టీచరమ్మ స్కూటరు మీద కొడుకుని తీసుకొచ్చింది. అలా ఒకరి వెనకొకరు, పెట్టెలతో, చాపలతో, మామిడిపళ్ళ బుట్టలతో ఎనిమిది ఇళ్ళవాళ్ళు దిగారు. నాకు చేతనైంది ఒక్కటే. విజిలేసి, పిల్లల్ని గట్టు మీద రెండేసి చేతుల దూరంలో లైనుగా నిలబెట్టాను. నిలబెట్టాక ఏం చెయ్యాలో తెలియలేదు.

విజిలు విని అబ్బాయిగారు పరిగెత్తుకొచ్చారు. గేటు బయట జనాన్ని చూసి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “రండి రండి, ఎండలో నిలబడ్డారేంటండీ!” అని. అనేశాక నాలిక్కరుచుకున్నారు. ఆ వెనకే కోడలుగారొచ్చి, “మజ్జిగ తెస్తానుండండి” అన్నారు. “అబ్బే, ఇప్పుడెందుకండీ” అంటూ వాళ్ళొక అడుగు ముందుకేశారు. “అయ్యో, అలా అంటే ఎలాగండీ” అంటూ వీళ్ళొక అడుగు ముందుకేశారు. ఇలా మర్యాద చేసుకుంటూ ఇరుపక్షాలూ గేటుకి చెరోవైపూ చేరుకున్నాయి. మధ్యలో తాళం ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ క్షణంలోనే అందరూ వరండాలో ఉండేవారు. మా అందరి మధ్యా నేను అడకత్తెరలో పోకచెక్కలా నిలబడి ఉన్నాను.

“కనీసం నీడలో కూర్చోబెట్టి చెబుదామండి” అని గొణిగి, అబ్బాయిగారు తాళంచెవి కోసం లోపలికెళ్ళారు. మేకుకి లేదు. అలమరలో లేదు. ఇల్లంతా వెతుకుతున్న చప్పుడు గేటు దాకా వినబడుతోంది.

అప్పుడు వరండాలోంచి మాస్టారి గొంతు వినబడింది. మాస్కు పెట్టుకుని, స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు.

“వెతక్కురా. నూతిలో వేశాను.”

అందరం అటు తిరిగాం.

“మీరు ముగ్గురూ ఫోన్లు చేస్తుంటే విన్నాను” అన్నారు ఆగి ఆగి. “అప్పుడే తెలిసింది, వీళ్ళందరూ వస్తారని. వస్తే నేను గేటు తీసేస్తానని కూడా తెలుసు. అందుకే పొద్దున్నే నూతిలో పడేశాను.”

తర్వాత ఆయన గట్టు మీద నిలబడ్డవాళ్ళ వైపు తిరిగారు. ఆ మనిషి నోట నేను ‘లేదు’ అన్నమాట అంతకు ముందెప్పుడూ వినలేదు. మెత్తగా కూడా వినలేదు.

“క్యాంపు లేదండి. పిల్లల్ని ఇళ్ళకి తీసుకెళ్ళిపోండి. నాకు జబ్బంటుకుంటే బతకనని డాక్టరు చెప్పాడు. నాకు ఇంకా బతకాలని ఉంది.”

ఎక్కడో కొబ్బరిమట్ట ఒకటి రాలిన చప్పుడైంది. అయిపోయింది, వీళ్ళతో మన సంబంధం ఇవాళ్టితో సరి అనుకున్నాను. సరిగ్గా అప్పుడు పెనుగొండ షాపాయన నోట్లోంచి, మాస్కు లోపల్నుంచి, పెద్ద “అమ్మయ్య!” ఒకటి ఊడిపడింది.

అనేసి ఆయనే కంగారు పడిపోయాడు. “అంటే... తప్పుగా అనుకోకండి మాస్టారూ. మాకూ భయంగానే ఉందండి. మీరు అంత ఇదిగా ఫోన్ చేయించాక పంపకపోతే ఏమనుకుంటారోనని వచ్చామండి. ఒకసారి కనబడి, పిల్లలకి కడుపులో నొప్పని చెప్పి వెనక్కి తీసుకుపోదామనుకున్నామండి.”

“నేను మా అత్తగారికి బాగోలేదని చెబుదామనుకున్నానండి” అంది టీచరమ్మ. “ఆవిడ నిక్షేపంలా ఉందండి, పాపం.”

తణుకాయన తల గోక్కున్నాడు. “నేను కారు ఇంజను ఆపలేదు, చూశారా? ఏదో ఒక వంక దొరక్కపోతుందా అనండి...”

ఒక్కొక్కరూ తాము కట్టుకొచ్చిన అబద్ధం బయటపెట్టారు. ఒకళ్ళకీ పంపాలని లేదు. మాకు రప్పించాలని లేదు. అయినా అందరం పెట్టేబేడాతో సహా ఎండలో చేరాం. ఇలాంటి పని ప్రపంచంలో ఇంకే ఊరివాళ్ళైనా చేస్తారంటే నేను నమ్మను. మొదట టీచరమ్మ నవ్వింది, ఆ తర్వాత ఎవరాపుకోగలరు? మాస్టారు కూడా నవ్వి, ఆయాసమొచ్చి, స్తంభం కింద కూర్చున్నారు.

ఇంతలో వంటపాకలోంచి అమ్మగారు పెద్ద బేసిన్‌లో పులిహోర పొట్లాలు పట్టుకొచ్చి ప్రహరీ గోడ మీద వరసగా పెట్టారు. తెల్లారకుండా లేచి చేశారట. “ఇంతమందికి ఎలా సరిగ్గా చేశారండీ?” అని నేనడిగితే, “వద్దని చెప్పాం గానీ, వస్తారని తెలీదేంటండీ? వచ్చినవాళ్ళని పస్తు పంపిస్తామా?” అన్నారు. వాళ్ళందరూ వస్తారని ఆ ఇంట్లో తెలియనిది, ఫోన్లు చేసిన మా ముగ్గురికే.

పెద్దవాళ్ళ మొహాలన్నీ తేలికపడ్డాయి. పొట్లాలు తీసుకుని బళ్ళెక్కబోతున్నారు. తణుకు పాప మాత్రం లైనులోంచి కదల్లేదు. పెట్టె మీద కూర్చుని చేతులు కట్టుకుంది. వాళ్ళ నాన్న రమ్మంటే రానంది.

“మీరందరూ మొహమాటానికి వచ్చారు. మేము నిజంగా వచ్చాం” అంది గట్టిగా. “మమ్మల్ని ఎవరైనా అడిగారా?”

కవల పిల్లలు కూడా వెళ్ళి ఆ పాప పక్కన వాళ్ళ పెట్టెల మీద కూర్చున్నారు. వాళ్ళ నాన్న నవ్వు ఆగిపోయింది.

మాస్టారు లేచారు. కోడలుగారు వద్దంటున్నా మెట్లు దిగి, తోటలో సగం దూరం దాకా వచ్చి ఆగారు. ఏటా ఆ పిల్ల ముందు కూర్చుని వస్తావా అని అడిగిన మనిషి. ఇప్పుడు కూర్చోడానికి లేదు, దగ్గరికి రావడానికీ లేదు.

“నువ్వు నిజంగా వచ్చావని నాకు తెలుసమ్మా. అందుకని నీకు నిజమే చెప్పాలి. ఈ ఏడాది లేదు. వచ్చే ఏడాదీ లేదు. ఇంకెప్పుడూ ఉండదు. నాకు ఎనభై దాటేశాయి, ఊపిరి చాలట్లేదు. మళ్ళీ వేసవికి చూద్దామంటే నువ్వు మళ్ళీ పెట్టె సర్దుకుంటావు. మీరు లోపలికి రావాలని నాకెంతో ఉంది. అయినా వద్దు.”

‘ఇంకెప్పుడూ’ అన్న మాట ఆయన ఇంట్లోవాళ్ళు కూడా వినడం అదే మొదలు. అబ్బాయిగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. నేను రేకుల షెడ్ల వైపు తిరిగాను. ఆ షెడ్లలో నా వేసవులు చాలా గడిచాయి.

పాప కళ్ళు తుడుచుకుంది. “సరేనండి” అని లేచి, పెట్టె పట్టుకుని, వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగింది.

“మరి ఇదే మాట ఫోన్లో చెప్పొచ్చు కదండీ, డ్రిల్లు మాస్టారూ!”

ముప్పై ఏళ్ళు పిల్లల్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించినవాణ్ణి, ఆ మాటకి తలొంచుకుని నిలబడ్డాను.

కర్ఫ్యూ వేళకి అందరూ ఇళ్ళు చేరారు. తర్వాత కొద్ది రోజులకి తణుకాయన ఫోన్ చేశాడు. ఈసారి ఆయనా డొంకతిరుగుడు లేకుండానే మాట్లాడాడు. ఆయనకీ, పాపకీ జ్వరాలొచ్చాయట, పరీక్ష చేయిస్తే అదే జబ్బట. మా దగ్గరికి వచ్చిన నాటికే లోపల ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడట. అదృష్టం బాగుండి ఇద్దరికీ తేలిగ్గానే పోయింది. మా వైపు ఎవరికీ ఏమీ కాలేదు. మాస్టారు ఈరోజుకీ ఉన్నారు, ఆయాసపడుతూనే నన్ను ఆటపట్టిస్తూ ఉన్నారు.

పాపకి జ్వరం తగ్గాక ఆ సంగతి మాస్టారికి చెప్పడానికి వెళ్ళి, కిటికీ బయట నిలబడ్డాను. అంతా విని ఆయన, “ఆ పిల్లకి ఫోన్ కలుపు” అన్నారు. నా ఫోన్లోనే కలిపి, స్పీకరు పెట్టి, శానిటైజరు రాసి కిటికీ ఊచల్లోంచి ఇచ్చాను.

“నేను లోపలికొచ్చుంటే మీకు అంటుకునేది కదండీ మాస్టారూ?” అని అడిగింది పాప.

మన వైపు ఏ పెద్దమనిషైనా ఏమంటాడు? ఛఛ, ఏం కాదులే తల్లీ అంటాడు. నేనూ అదే అనబోయాను. మాస్టారు అన్నారు: “అంటుకునేదమ్మా. నేను పోయేవాణ్ణి.”

“మరి నేను గేటు దగ్గర అంత గొడవ చేశానండి” అంది చిన్నగా.

“చేశావు. నాకెంత బాగుందో చెప్పలేను. ఇన్నేళ్ళలో నేను అందర్నీ వస్తావా అని అడిగినవాణ్ణే గానీ, ‘మాకు మీరు కావాలి’ అని నన్నెవరూ అంత గట్టిగా అడగలేదు.”

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మామిడిపళ్ళ మీదికి, అక్కణ్ణుంచి పాప పెంచుతున్న కుక్కపిల్ల మీదికి వెళ్ళిపోయారు. కబుర్లు తెగలేదు. ఎండ నడినెత్తికొచ్చింది, కర్ఫ్యూ వేళ దగ్గరపడింది, నేను సైకిలు మీద ఇంటికి చేరాలి. కిటికీ బయట ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ నిలబడే ఉన్నాను. నా ఫోను నాకివ్వండి మాస్టారూ అని అడగడానికి మొహమాటమేసింది.